సుంకి ఘాట్ ఎక్కితే 1.0 లీటరు ఇంజను మైలేజీ పదిహేనుకు పడిపోతోంది, బండి మార్చాలా?

కోరాపుట్_కాపురస్తుడు
మూడు సిలిండర్ల 1.0 లీటరు పెట్రోలు ఇంజను ఉన్న చిన్న కారును నిరుడు కొన్నాను. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. లీటరుకు పాతిక దాకా వస్తుందని కరపత్రంలో అచ్చువేశారు, ఎంత లేదన్నా ఇరవై రెండుకు తగ్గదని షోరూములోని కుర్రవాడు నోటిమాట ఇచ్చాడు. కోరాపుట్, సునాబెడ, సెమిలిగుడల మధ్య తిరిగేటప్పుడు పంతొమ్మిది, ఇరవై వస్తోంది కాబట్టి దానికి నేను పెద్దగా బాధపడలేదు. అయితే విజయనగరంలో ఉన్న అమ్మానాన్నలను చూసి తిరిగి వచ్చేటప్పుడు, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి ఇల్లు చేరేసరికి అదే బండి పదిహేనుకు దిగుతోంది. కారులో నలుగురం ఉంటాము, డిక్కీ నిండా సామాను ఉంటుంది, ఎ.సి. వేసే ఉంటుంది. సర్వీసింగుకు ఇస్తే బండిలో లోపమేమీ లేదని, నేను తోలే పద్ధతిలోనే ఏదో ఉందని చెప్పి పంపించారు. చిన్న ఇంజను పొదుపు చేస్తుందన్న మాట మైదాన ప్రాంతం వారికే వర్తిస్తుందా? దీన్ని అమ్మి నాలుగు సిలిండర్ల 1.2 బండి గాని, గాలిని నొక్కి పంపే టర్బో గాని తీసుకోవడం మేలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రాయగడ_రథసారథి
ఆలోచించకుండా అమ్మేయండి. కొండ ప్రాంతంలో కాపురం ఉంటూ వెయ్యి సి.సి. కంటే తక్కువ ఇంజను కొనడమే సరికాదని నేను ఎప్పటి నుంచో చెబుతున్నాను. మలుపు దగ్గర ముందున్న లారీని దాటబోతే బండి గట్టిగా మూలుగుతుంది గాని ముందుకు కదలదు.

పాత_ఎనిమిదొందలు
రథసారథి గారి మాటను నేను ఒప్పుకోను. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800 లో ఉన్నది 796 సి.సి. ఇంజనే, దానికీ మూడే సిలిండర్లు. ఇప్పుడు మూడు సిలిండర్లనగానే ముఖం చిట్లించేవారి తల్లిదండ్రులంతా ఆ బండిలోనే ఊళ్లు తిరిగారు. మా నాన్నగారు అదే కారులో మమ్మల్నందరినీ ఎక్కించుకుని జయపురం నుంచి విశాఖపట్నం దాకా తీసుకువెళ్లేవారు, ఏ ఘాట్ మీదా దిగి తోయవలసిన అవసరం మాకు రాలేదు.

రాయగడ_రథసారథి
మీ నాన్నగారి 800 బరువు 650 కిలోల చిల్లర మాత్రమే. గాలి సంచులు, గట్టి చట్రం, ఎ.సి., పెద్ద టైర్లు చేరిన నేటి చిన్న కారు ఎనిమిది వందల కిలోల పైన తూగుతుంది, కొన్ని వెయ్యి దగ్గరకు వస్తాయి. పైగా ఆ రోజుల్లో మీరంతా చిన్నపిల్లలు.

గుణుపురం_బావగారు
పిల్లల బరువు మాట వచ్చింది గనుక అడుగుతున్నాను. ఆ డిక్కీ నిండా ఉన్న సామాను ఏమిటో కోరాపుట్ మిత్రులు చెబితే సగం జబ్బు తెలిసిపోతుంది.

కోరాపుట్_కాపురస్తుడు
బియ్యం, ఊరగాయ జాడీలు, కొబ్బరికాయలు. అమ్మ ఇచ్చినది వద్దనడం నా చేత కాదు.

మోటారు_మాస్టారు
పర్లాకిమిడిలో ఐ.టి.ఐ. పిల్లలకు మోటారు పని నేర్పినవాడిని కనుక కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక ఉన్నవారు చదవండి.

చిన్న ఇంజను ఎందుకు పొదుపు చేస్తుందో తెలిస్తే, ఎక్కడ చేయదో కూడా తెలుస్తుంది. పెట్రోలు ఇంజనులో శక్తిని తగ్గించుకోవడానికి మనం చేసేది లోపలికి వెళ్లే గాలి దారిని థ్రాటిల్ పలకతో మూయడం. సమతలంగా ఉన్న రోడ్డు మీద ఒక చిన్న కారు 80 కిలోమీటర్ల వేగంతో పోవడానికి పది, పన్నెండు అశ్వశక్తి చాలు. తొంభై అశ్వశక్తి ఇవ్వగల ఇంజను ఆ పది ఇవ్వాలంటే పలకను దాదాపు మూసుకుని నడవాలి. అప్పుడు గొట్టం మూతిని వేలితో నొక్కిపెట్టి గాలి పీల్చినట్లు పిస్టన్లు లోపలి శూన్యానికి ఎదురు లాగుతూ శక్తిని వృథా చేస్తాయి. అరవై ఏడు అశ్వశక్తి ఇంజను అదే పనికి పలకను ఇంకొంచెం ఎక్కువ తెరుస్తుంది గనుక ఆ వృథా తగ్గుతుంది. సిలిండరు ఒకటి తగ్గితే దానితో పాటు పిస్టను, రింగులు, బేరింగులు, వాల్వులు కూడా తగ్గి, ఆ మేరకు రాపిడి తగ్గుతుంది. చిన్న ఇంజను చేసే పొదుపులో పెద్ద భాగం ఈ రెండింటి వల్లనే వస్తుంది.

ఘాట్ మీద పలక ఎలాగూ బాగా తెరుచుకునే ఉంటుంది. అంటే చిన్న ఇంజనుకు పెద్ద ఇంజను మీద ఉన్న మేలు అక్కడ చాలా వరకు పోతుంది. ఇక ఎక్కుడు లెక్క చూడండి. సాలూరు మైదానం నుంచి కోరాపుట్ ఎత్తుకు రావాలంటే సుమారు 750 మీటర్లు పైకి ఎక్కాలి. మనుషులతో, ఊరగాయ జాడీలతో కలిపి బండి 1200 కిలోలు అనుకుంటే, ఆ బరువును అంత ఎత్తుకు లేపడానికి దాదాపు 90 లక్షల జౌళ్ల పని చేయాలి. లీటరు పెట్రోలులో ఉన్న శక్తి సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్లు, అందులో చక్రాల దాకా చేరేది ఇంచుమించు 28 శాతం. అది కూడా 90 లక్షలే అవుతుంది. అంటే కొండ తన వంతుగా ఒక లీటరు తీసుకుంటుంది. ఇంజను 1.0 అయినా, 1.2 అయినా, టర్బో అయినా ఆ లీటరు తప్పదు. నూరు కిలోమీటర్లకు అయిదు లీటర్లు తాగే బండి ఆ దారిలో ఆరు తాగుతుంది, ఇరవై ఇచ్చేది పదహారు చిల్లరకు దిగుతుంది. దాని మీద ఎ.సి. పడితే మీ పదిహేను ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

లెక్కల_లక్ష్మి
మాస్టారి లెక్కను వేసి చూశాను, సరిపోయింది. కరపత్రంలోని అంకె గురించి రెండు మాటలు కలుపుతాను. ఆ పరీక్షను రోడ్డు మీద చేయరు. ప్రయోగశాలలో రోలర్ల మీద బండిని నిలబెట్టి, నిర్ణీత వేగపట్టిక ప్రకారం నడుపుతారు. అందులో గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లు, సగటు వేగం ముప్పై చిల్లర, ఎ.సి. ఆపి ఉంటుంది, ఎక్కుడు అసలే ఉండదు. ఒక కారును మరొక కారుతో పోల్చుకోవడానికి అది పనికివస్తుంది. సుంకి ఘాట్‌కు అన్వయించుకుంటే నిరాశే మిగులుతుంది.

బరంపురం_బాబు
అంతా ఘాట్ మీదకే నెట్టేస్తున్నారు. నేను బరంపురం నుంచి జాతీయ రహదారి మీద శ్రీకాకుళం దాకా చదునైన దారిలోనే వెళ్తాను, నాకు కూడా మునుపటి మైలేజీ రావడం లేదు. పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతం కలపడమే దీనికి కారణమని నా నమ్మకం.

గుణుపురం_బావగారు
మా బావమరిదిగారు 110 వేగంతో పోతూ ఇథనాల్‌ను తిడుతున్నారు. పక్క సీటులో కూర్చుని చూసినవాడిని గనుక సాక్ష్యం చెప్పగలను.

లెక్కల_లక్ష్మి
ఇద్దరి మాటలోనూ నిజముంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. ఇరవై శాతం కలిపితే లీటరు మొత్తం మీద ఏడు శాతం దాకా శక్తి తగ్గుతుంది. పది శాతం మిశ్రమానికి సర్దిన పాత కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 లో వెలువరించిన నివేదికలోనే ఉంది. ఇథనాల్ నాకింగును, అంటే సిలిండరులో మిశ్రమం వేళ కాని వేళ పేలడాన్ని, బాగా తట్టుకుంటుంది గనుక, దానికి తగినట్లు సర్దిన ఇంజను ఈ నష్టంలో కొంత పూడ్చుకోగలదు. ఇరవై ఇచ్చే బండి పద్ధెనిమిదిన్నరకు వస్తే ఇథనాల్‌ను అనవచ్చు, పదిహేనుకు వస్తే మిగిలిన కారణాలు వెతకాలి. 110 వేగం విషయం బావగారు ముందే చెప్పారు. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది గనుక, 80 నుంచి 110 కి వెళితే అది దాదాపు రెట్టింపవుతుంది.

బరంపురం_బాబు
లారీల మధ్య 80 తో పోతే ఇల్లు చేరేది మరునాడే. అయినా ఒడిశా వైపు పెట్రోలు చవక కాబట్టి ఆ మాత్రం భరించగలను. ఇచ్ఛాపురం వారు గిరిసోల దాటి వచ్చి మరీ మా బంకుల్లో ట్యాంకు నింపుకుని వెళుతున్నారు కదా.

సునాబెడ_సీనియరు
మిగ్ యుద్ధ విమానాల ఇంజన్లు తయారైన ఊళ్లో ఉంటున్నాను, గాలి పలచబడితే ఇంజను ఏమవుతుందో మా ఊళ్లో టీ కొట్టు దగ్గర కూడా చర్చించుకుంటారు. మాస్టారి వివరణలో ఎత్తు ప్రస్తావన రాలేదు గనుక చేరుస్తున్నాను. 900 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత ఎనిమిది, తొమ్మిది శాతం తగ్గుతుంది. మామూలు ఇంజను పీల్చే గాలి ఆ మేరకు పలచబడుతుంది గనుక, అరవై ఏడు అశ్వశక్తి అని పుస్తకంలో ఉన్నది మన దగ్గర అరవై ఒకటో, అరవై రెండో అవుతుంది. టర్బో గాలిని నొక్కి లోపలికి పంపుతుంది కాబట్టి అది ఈ లోటును చాలా వరకు పూడ్చుకుంటుంది. హ్యుందాయ్ వెన్యూలో 2019 లో వచ్చిన 998 సి.సి. టర్బో ఇంజను 120 పి.ఎస్. (ఇంచుమించు అశ్వశక్తే) శక్తిని, 1,500 ఆర్.పి.ఎం. (నిమిషానికి తిరిగే చుట్లు) నుంచే 172 న్యూటన్ మీటర్ల టార్కును, అంటే తిప్పే బలాన్ని ఇస్తుంది. ఇంచుమించు అదే పరిమాణంలో టర్బో లేని మారుతీ కె10సి ఇంజను ఇచ్చే టార్కు 89, అది కూడా 3,500 దగ్గర. ఘాట్ మలుపులో ఈ తేడా తెలుస్తుంది.

అయితే శక్తి కావలసినవారు టర్బో కొనాలి గాని, పొదుపు కోసం కొనకూడదు. ఎక్కువ గాలిని నొక్కితే దానికి సరిపడా పెట్రోలు కూడా పోయాలి. తేలికగా తొక్కితే టర్బో బండి చిన్న ఇంజనులాగే పొదుపుగా పోతుంది, ఘాట్ మీద గట్టిగా తొక్కితే మామూలు 1.0 కంటే ఎక్కువే తాగుతుంది. నూనె మార్పిడిని వాయిదా వేయడం దానికి అసలు పనికిరాదు. ఘాట్ గట్టిగా ఎక్కించి పైన ఆగినప్పుడు, వెంటనే తాళం తిప్పేయకుండా అర నిమిషం ఖాళీగా తిరగనివ్వాలి.

పాత_ఎనిమిదొందలు
ఎత్తున మైలేజీ కూడా తగ్గుతుందా, శక్తి ఒక్కటేనా?

సునాబెడ_సీనియరు
శక్తి మాత్రమే తగ్గుతుంది. పీఠభూమి మీద సాఫీగా తిరిగేటప్పుడు పలచని గాలి వల్ల పలకను ఇంకొంచెం తెరవవలసి వస్తుంది, బండికి ఎదురుగాలి కూడా కొంచెం తగ్గుతుంది. ఆ రెండూ మైలేజీకి అనుకూలమే.

జయపురం_డ్రైవరు
మాస్టారు లెక్క చెప్పారు, సీనియరు గారు గాలి సంగతి చెప్పారు. ఏ గేరులో ఎక్కుతున్నారో మాత్రం కోరాపుట్ వారిని ఎవరూ అడగలేదు. నేను వృత్తిరీత్యా ఈ దారిలో తిరుగుతాను. పెట్రోలు మిగులుతుందన్న ఆశతో ఎక్కుడు మీద కూడా నాలుగో గేరు వదలనివారిని రోజూ చూస్తుంటాను.

కోరాపుట్_కాపురస్తుడు
నాలుగులోనే ఎక్కిస్తాను, మరీ ఈడ్చినప్పుడు మూడుకు దింపుతాను. పై గేరులో తక్కువ తిరిగితే తక్కువ తాగుతుందని కదా అంటారు?

మోటారు_మాస్టారు
ఆ మాట చదునైన దారికి చెల్లుతుంది. నూటికి ఆరు మీటర్ల ఎక్కుడు మీద 1200 కిలోల బండి 40 వేగంతో పోవాలంటే పదమూడు, పద్నాలుగు అశ్వశక్తి చక్రాల దగ్గర కావాలి. మీ ఇంజను 1,500 ఆర్.పి.ఎం. దగ్గర ఇవ్వగలిగినదంతా కలిపినా పదిహేడుకు మించదు, ఎత్తు వల్ల పోయేది, ఎ.సి. తీసుకునేది అందులోంచే పోవాలి. కాబట్టి యాక్సిలరేటరు నేలకు ఆనుతుంది. ఆ స్థితిలో రెండు జరుగుతాయి. ఒకటి, సిలిండరులో మిశ్రమం వేళ కాని వేళ పేలే ప్రమాదాన్ని నాక్ సెన్సరు పసిగట్టి, కంప్యూటరు స్పార్కును ఆలస్యం చేస్తుంది. దాంతో పెట్రోలు మండుతుంది గాని దాని నుంచి పని తక్కువగా వస్తుంది. రెండోది, పూర్తిగా తొక్కినప్పుడు చాలా ఇంజన్లలో మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచుతారు. అదే ఇంజను 2,500 దగ్గర ముప్పై అశ్వశక్తి ఇవ్వగలదు. అప్పుడు మీరు సగం చిల్లర తొక్కితే చాలు, ఇంజను తనకు హాయిగా ఉండే చోట పనిచేస్తుంది. చప్పుడు పెరిగిందని భయపడవద్దు, ఆ ఇంజనుకు అది వేగమే కాదు.

జయపురం_డ్రైవరు
నేను చెప్పేది కూడా అదే. ఎక్కుడు మొదలు కాకముందే మూడో గేరు, మలుపుల్లో రెండో గేరు వేయండి. బండి ఈడ్చాక గేరు దింపితే అప్పటికే వేగం పోయి ఉంటుంది, మళ్లీ అందుకోవడానికి రెట్టింపు తాగుతుంది. దిగేటప్పుడు మాత్రం న్యూట్రల్ చేయవద్దు. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు పోయడమే ఆపేస్తాయి, ఇంజను బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఇంజను ఖాళీగా తిరుగుతూ తాగుతూనే ఉంటుంది, ఘాట్ సగంలోనే బ్రేకులు కాలి వాసన వస్తాయి.

తప్తపాణి_తీర్థం
నాది ఆటోమేటిక్ గేర్ల చిన్న కారు. క్లచ్ పెడల్ లేకుండా, క్లచ్‌ను, గేర్లను బండే నడుపుకునే ఏ.ఎం.టి. రకం. తప్తపాణి మీదుగా మోహన వెళ్లేటప్పుడు ఎక్కుడు మధ్యలో అదే పై గేరు వేసుకుంటుంది, వెంటనే దింపుకుంటుంది, మళ్లీ వేసుకుంటుంది. దానికేమైనా మార్గముందా?

జయపురం_డ్రైవరు
గేరు కడ్డీని మాన్యువల్ వైపు జరిపి రెండులోనో, మూడులోనో మీరే ఉంచండి. ఎక్కుడు మీద ఆగవలసి వస్తే యాక్సిలరేటరుతో బండిని పట్టి ఉంచవద్దు, హ్యాండ్ బ్రేకు వేయండి. ఏ.ఎం.టి. క్లచ్ మార్చాలంటే ఖర్చు గట్టిగానే అవుతుంది.

రాయగడ_రథసారథి
ఇంతమంది ఇన్ని చెప్పినా నా మాట నాదే. రెండో గేరులో అరుస్తూ ఎక్కే బండిలో నలుగురు కూర్చుని ప్రయాణం చేయడం సుఖం కాదు. నాలుగు సిలిండర్ల 1.2 సాఫీగా ఎక్కుతుంది. మూడు సిలిండర్ల అదురు నాకు స్టీరింగు మీద తెలుస్తూనే ఉంటుంది.

మోటారు_మాస్టారు
అదురు మాట నిజం. మూడు సిలిండర్ల ఇంజనులో పేలుడుకు పేలుడుకు మధ్య క్రాంకు 240 డిగ్రీలు తిరుగుతుంది, నాలుగింటిలో 180. అందుకే ఖాళీగా తిరిగేటప్పుడు మూడింటిది తెలుస్తుంది. పైగా రెండు చివరల పిస్టన్లు ఇంజనును ముందుకు వెనక్కి ఊపుతాయి, దాన్ని సర్దడానికి ఎదురు బరువులో, బ్యాలెన్స్ షాఫ్టో పెడతారు. అయితే మీరు చెప్పే నాలుగు సిలిండర్ల 1.2 లు బజారులో తగ్గిపోతున్నాయి. స్విఫ్ట్ 2024 లో నాలుగు నుంచి మూడుకు మారింది. శక్తి 90 నుంచి 82 కు దిగింది, టార్కు ఇంచుమించు అంతే ఉంది, ప్రకటించిన మైలేజీ 22.38 నుంచి 24.8 కి పెరిగింది. టాటా టియాగోలోని 1.2 కూడా మూడు సిలిండర్లదే. కాబట్టి కోరాపుట్ మిత్రులు 1.2 అనగానే నాలుగు సిలిండర్లు వస్తాయనుకోకూడదు, అడిగి కొనాలి.

లెక్కల_లక్ష్మి
998, 1197, 1199 అంటూ ఇంజన్లన్నీ 1200 లోపే ఎందుకు ఆగుతాయని ఎవరైనా అడుగుతారేమో. 2006 బడ్జెట్టులో నాలుగు మీటర్ల లోపు పొడవుండి, 1200 సి.సి. మించని పెట్రోలు కార్లకు, 1500 మించని డీజిలు కార్లకు ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16 కు తగ్గించారు. అప్పటి నుంచి కంపెనీలు చిన్న కార్ల ఇంజన్లను ఆ గీత లోపలే ఉంచుతున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి. కూడా ఆ గీత లోపలి పెట్రోలు కార్లకు 18 శాతమే, దాటితే 40. 1.0 నుంచి 1.2 కు మారినా పన్ను రేటు మారదు గనుక, ఆ భయం అక్కరలేదు.

గుణుపురం_బావగారు
డీజిలు మాట ఎవరూ ఎత్తలేదేమిటి? 2015 లో మారుతీ సెలెరియోలో రెండు సిలిండర్ల 793 సి.సి. డీజిలు ఇంజను వచ్చింది, లీటరుకు 27.62 అని ప్రకటించారు. మైలేజీ గురించి ఇంత గోల చేసేవాళ్లమే దాన్ని కొనలేదు, 2017 కల్లా ఆపేశారు.

పాత_ఎనిమిదొందలు
అది కూర్చున్నవారి పళ్లు కూడా అదిరేలా నడిచేది. అదే ఇంజను సూపర్ క్యారీ సామాను బండిలో పెట్టారు, బస్తాలు ఫిర్యాదు చేయవు కాబట్టి అక్కడ నడిచింది. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 పొగ నిబంధనలు వచ్చాక చిన్న డీజిలు పొగను శుద్ధి చేయడానికే ఖర్చు బాగా అవుతుందని తేలి, మారుతీ డీజిలే మానేసింది.

తప్తపాణి_తీర్థం
సి.ఎన్.జి. సంగతి ఏమిటి? కిలోకు 35 అంటున్నారు.

జయపురం_డ్రైవరు
మైదానంలో రోజూ తిరిగేవారికి అది మంచిదే. అయితే అదే 1.0 ఇంజను గ్యాసు మీద 67 అశ్వశక్తి నుంచి 57 కు దిగుతుంది, డిక్కీ సిలిండరుకే సరిపోతుంది. కొబ్బరికాయలు ఒళ్లో పెట్టుకుని ఘాట్ ఎక్కాలి.

కోరాపుట్_కాపురస్తుడు
అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి లెక్క చూశాక ఇక 1.2 కు మారినా ఆ లీటరు నాకు తిరిగి రాదని అర్థమైంది. నెలలో ఎక్కువ రోజులు సునాబెడ దాకా ఒక్కడినే తిరుగుతాను, ఆ తిరుగుడుకు ఈ ఇంజను సరిపోతుంది. ఊరికి వెళ్లేది అప్పుడప్పుడే కాబట్టి ఆ దారిలో గేరు దింపి తోలి చూస్తాను. మైలేజీని మీటరు చూపే అంకెతోనే చూస్తున్నాను, అది నమ్మదగినదేనా?

లెక్కల_లక్ష్మి
కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ట్యాంకు నింపించి, పంపు తనంతట తాను ఆగినచోట ఆపించండి. మళ్లీ అదే బంకులో అలాగే నింపించి, తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించండి. వెళ్లడం, రావడం కలిపి లెక్క వేయండి. ఎక్కినప్పుడు పోయినదానిలో కొంత దిగేటప్పుడు తిరిగి వస్తుంది. ఎక్కుడు ఒక్కటే కొలిస్తే ఏ బండికైనా అన్యాయమే జరుగుతుంది.

జయపురం_డ్రైవరు
టైర్లలో గాలి కూడా చూసుకోండి. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితంలో నిండు బరువుకు వేరే అంకె ఉంటుంది, నలుగురు ఎక్కినప్పుడు అదే పట్టించాలి. టైరు చల్లగా ఉన్నప్పుడే పట్టించాలి.

రాయగడ_రథసారథి
సరే, ఉంచుకోండి. ముందు లారీని మాత్రం దాటబోకండి.

గుణుపురం_బావగారు
అమ్మడం లేదన్న సంగతి బరంపురం_బాబుకు నెమ్మదిగా చెప్పండి. ఈ చర్చ మొదలైన నాటి నుంచి, ఆ బండిని సగం ధరకు బేరమాడి పెట్టమని ఆయన నన్ను పోరుతున్నారు.